నర్సింగ్ రీసెర్చ్ టాపిక్: అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో నర్సింగ్ పాఠాలు చెబుతూ చాలా ఏళ్లయింది. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి వచ్చే తెలుగు పిల్లలు నా దగ్గర ఎక్కువ. సినాప్సిస్, అంటే ఏ టాపిక్ మీద ఎలా పరిశోధన చేస్తామో రాసిచ్చే ప్రతిపాదన, పెట్టే రోజులొస్తే వాళ్ల మొహాల్లో టెన్షన్ చూడలేం. అందులో సగం టాపిక్ గురించి సీనియర్లు చెప్పిన మాటల వల్ల వచ్చేదే.

అపోహ: టాపిక్ ఎంత పెద్దదైతే అంత విలువ.

"గజపతి జిల్లా గర్భిణుల్లో రక్తహీనత" అని ఒక అమ్మాయి రాసుకొచ్చింది. జిల్లా అంటే ఎన్ని ఊళ్లు, ఎన్ని కొండలు! అన్ని హిమోగ్లోబిన్ పరీక్షలకు డబ్బెవరు పెడతారు? చేతిలో ఉన్నది ఆరు వారాలు. కూర్చోబెట్టి, "ఇందులో నీకు నిజంగా తెలుసుకోవాలనిపించింది ఏమిటమ్మా?" అని అడిగాను. "ఐరన్ మాత్రలు ఇస్తున్నాం కదా మేడమ్, వేసుకుంటున్నారో లేదో అని" అంది. టాపిక్ అక్కడే దొరికింది.

రక్తహీనత తగ్గించేందుకు కేంద్రం నడిపే ఎనీమియా ముక్త్ భారత్ లెక్క ప్రకారం గర్భిణి నాలుగో నెల నుంచి రోజుకో మాత్ర, కనీసం 180 రోజులు వేసుకోవాలి. ఓపీలో అడిగితే అందరూ వేసుకుంటున్నామనే అంటారు. అందుకని మరుసటిసారి స్ట్రిప్పులు తెమ్మన్నాం. ఒకావిడ కొంగుముడి విప్పి ఎర్ర మాత్రల స్ట్రిప్పు తీసింది. వాడినవి రెండే. "విరేచనం నల్లగా అవుతోంది, భయమేసి మానేశాను" అంది మెల్లగా. ఐరన్ వేసుకుంటే అలా కావడం మామూలేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మాత్రలు లెక్కపెట్టడం, ఎందుకు మానేశారో అడగడం, ఈ రెండూ ఒక విద్యార్థిని చేయగల పని.

అపోహ: శాంపిల్, అంటే మనం అడిగే మనుషులు, 384 మంది ఉండాల్సిందే.

ఈ అంకె ఎక్కడిదో చాలామందికి తెలియదు. మనం వెతికేది ఎంత శాతం మందిలో ఉందో ముందు తెలియనప్పుడు 50 శాతం అనుకుని, 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూఇటూ తేడాకు ఒప్పుకుంటే వచ్చే సంఖ్య అది. తేడా 10 శాతానికి ఒప్పుకుంటే 96 సరిపోతుంది. ఖచ్చితత్వం ఆ మేరకు తగ్గిందని రిపోర్టులో దాచకుండా రాయాలి, అంతే.

అంతకంటే ముందు రిజిస్టర్ తీయండి. గత మూడు నెలల్లో మీకు కావలసిన పేషెంట్లు ఎంతమంది వచ్చారో వేలు పెట్టి లెక్కపెట్టండి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణుల పరీక్షలు జరిగేది ప్రతి నెల 9న. ఆ రద్దీని నమ్ముకుంటే, మీ ఆరు వారాల్లో 9వ తేదీ ఒకసారి వస్తుంది, మహా అయితే రెండుసార్లు.

అపోహ: ప్రీ టెస్ట్, పాఠం, పోస్ట్ టెస్ట్ అంటే సేఫ్.

చెప్పిన పాఠం మీదే వారం తిరక్కుండా ప్రశ్నలు అడిగితే మార్కులు పెరగక ఏమవుతాయి? ఆమె అలవాటు మారిందా అనేది అసలు ప్రశ్న, అది తెలియాలంటే మళ్లీ కలవాలి. ఇక్కడే మన ప్రాంతం చిక్కు వస్తుంది. సీమంతం కాగానే పర్లాకిమిడి కోడలు పాతపట్నంలోని పుట్టింటికి వెళ్లిపోతుంది. మహేంద్రతనయ నది దాటితే రాష్ట్రమే వేరు, రిజిస్టర్ వేరు. నెలల తరబడి వెంటపడాల్సిన టాపిక్ ఎంచుకున్న పిల్లలు చివర్లో ఏడ్వడం నేను చూశాను. ఒక్కసారి కలిసి పూర్తిచేయగల ప్రశ్న పెట్టుకోండి.

అపోహ: ఎవరూ చేయని టాపిక్ అయి ఉండాలి.

అక్కర్లేదు. వేరే ఊళ్లో ఎవరో అడిగిన ప్రశ్నను మన ఓపీలో అడగడమూ పరిశోధనే. వాళ్ల థీసిస్‌ను కాపీ కొట్టడం మాత్రం తప్పు.

అపోహ: టూల్, అంటే అడగాల్సిన ప్రశ్నల పత్రం, నెట్‌లో దొరుకుతుంది, తెలుగులో రాసుకుంటే చాలు.

మన ఓపీ బెంచీ మీద ముగ్గురు కూర్చుంటే ఒకరు తెలుగు, ఒకరు ఒడియా, ఇంకొకరు గిరిజన భాష సవర మాట్లాడతారు. "రక్తహీనత గురించి మీకు తెలుసా?" అంటే మన తెలుగావిడే తెల్లమొహం వేస్తుంది. "ఒంట్లో రక్తం తక్కువ" అంటే వెంటనే అందుకుంటుంది. అనువదించిన ప్రశ్నల్ని ఇంకొకరి చేత మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పించి, అసలుతో పోల్చి చూడాలి. మూడు భాషలకు ఇదంతా చేయడం ఒక్కరి వల్ల కాదు. "తెలుగు మాట్లాడే తల్లులు" అని టైటిల్‌లోనే హద్దు గీసుకోవచ్చు. నాకు మాత్రం సవర తల్లుల్ని వదిలేయడం బాధే. సవర వచ్చిన క్లాస్‌మేట్ ఉంటే ఇద్దరూ కలిసి చేయండి.

అపోహ: ప్రశ్నలు అడగడమే కదా, ఎథిక్స్ అనుమతి ఎందుకు?

మనుషుల్ని అడిగి సమాచారం తీసుకునే సర్వే కూడా భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల పరిధిలోకి వస్తుంది. ఈ అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో ముందే కనుక్కుని ఆ రోజుల్ని మీ ఆరు వారాలతో కలపకుండా విడిగా లెక్కేసుకోండి. చదవడం రాని తల్లికి అంగీకార పత్రం ఆమె భాషలో చదివి వినిపించాలి. వద్దన్నా మందులు, పరీక్షలు ఆగవని చెప్పాలి. ఆమె వేలిముద్ర వేసేటప్పుడు పక్కన చదువు వచ్చిన సాక్షి ఉండాలి. ఆ సాక్షి మీ ప్రాజెక్టుతో సంబంధం లేని మనిషై ఉండాలి.