ఏళ్ళ తర్వాత మళ్ళీ వ్యాయామమా? రెండో రోజు నొప్పి గురించి అపోహలు - వాస్తవాలు

జనవరి రెండో వారంలో మా క్లినిక్‌కి ఒకాయన వచ్చారు. నలభై ఆరేళ్ళు, బ్యాంకు ఉద్యోగం, చదువుకునే రోజుల్లో కాలేజీ కబడ్డీ జట్టు. మెట్లు బాగానే ఎక్కారు. కుర్చీ దగ్గరికి వచ్చాక ఆగిపోయారు. రెండు అరచేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, పళ్ళు బిగబట్టి, బావిలోకి బిందె దించినట్టు ఒంటిని మెల్లగా దించుకుంటూ వచ్చి, చివరి జానెడు దూరం మాత్రం దబ్బున పడ్డారు.

"లేవడం పర్లేదు డాక్టరు గారూ, కూర్చోవడానికే ప్రాణం పోతోంది. మా ఇంట్లో ఉన్నది ఇండియన్ టాయిలెట్" అన్నారు.

పద్నాలుగేళ్ళ తర్వాత జిమ్‌లో చేరి, మొదటి రోజే వంద బస్కీలు తీశారట. మోకాళ్ళు పోయాయేమోనని ముందే ఎక్స్-రే కూడా తీయించుకొచ్చారు. అందులో ఏమీ లేదు. ఈ నొప్పికి ఎక్స్-రేలో ఏమీ కనపడదు.

విజయవాడలో పద్దెనిమిదేళ్ళుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. జనవరిలోనూ, పెళ్ళిళ్ళ సీజన్‌కి ముందూ ఇలాంటివాళ్ళు వరసగా వస్తారు. నొప్పి కన్నా దాని గురించి విన్న మాటలే వాళ్ళను ఎక్కువ ఇబ్బంది పెడుతుంటాయి. నేను రోజూ వినే మాటలు ఇవి.

అపోహ: "లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది, అది కరిగితే నొప్పి పోతుంది."

జిమ్ ట్రైనర్ల దగ్గర్నుంచి పార్కులో వాకింగ్ చేసే పెద్దాయనల దాకా అందరి నోటా ఇదే. గట్టిగా కష్టపడుతున్నప్పుడు రక్తంలో లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్ ఒంట్లో ఉండే రూపం) పెరిగే మాట నిజమే. కానీ ఆపేసిన గంటకల్లా అది దాదాపు మామూలుకి వచ్చేస్తుంది. మీ నొప్పేమో మర్నాడు పొద్దున మొదలవుతుంది. రాత్రే ఊరెళ్ళిపోయిన చుట్టం మీద తెల్లారి జరిగిన దొంగతనం మోపినట్టుంది.

1983లో అమెరికాలో ఈ విషయం తేల్చడానికే ఒక ప్రయోగం చేశారు. ట్రెడ్‌మిల్ మీద 45 నిమిషాలు, ఒకసారి సమతలంగా, ఒకసారి పల్లానికి పరుగెత్తించారు. సమతలంగా పరుగెత్తినప్పుడు లాక్టేట్ పెరిగింది, తర్వాత నొప్పి రాలేదు. పల్లానికి పరుగెత్తినప్పుడు లాక్టేట్ పెరగలేదు, నొప్పి మాత్రం బాగా వచ్చింది.

పల్లంలో ఏముందో నాకు తిరుమల నేర్పింది. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసం, చెమట, మోకాళ్ళ పర్వతం దగ్గర దేవుడు గుర్తొస్తాడు, అన్నీ మామూలే. చాలామంది దర్శనం చేసుకుని బస్సులో దిగిపోతారు. ఒకసారి నేను, వ్యాయామం మానేసి ఐదారేళ్ళయిన రోజుల్లో, గొప్పకి పోయి నడిచే దిగాను. దిగుతున్నంతసేపూ హాయిగానే ఉంది. మూడో రోజు క్లినిక్ మెట్లు వెనక్కి తిరిగి దిగాను. పేషెంట్లు చూశారు కూడా.

ఎక్కేటప్పుడు తొడ కండ కుదించుకుని ఒంటిని పైకి తోస్తుంది. దిగేటప్పుడు అదే కండ, ఒక పక్క సాగుతూనే, మనం పడిపోకుండా బ్రేకు వేస్తుంటుంది. బిందెను బావిలోకి దించేటప్పుడు చేంతాడు జారిపోకుండా పట్టుకునే చెయ్యి చేసే పనే ఇది. బస్కీలో కిందికి దిగడం, దండీలో ఛాతీని నేల దాకా దించడం, ఎత్తిన డంబెల్‌ని కిందికి తేవడం, అన్నీ ఇదే కోవ. ఇలా సాగుతూ బరువు మోయడం అలవాటు తప్పిన కండలో కంటికి కనపడనంత సన్నని చిట్లుళ్ళు వస్తాయి. అలవాటు లేని పని చేసిన కండ లోపల చిట్లుళ్ళు వస్తాయని 1902లోనే థియోడర్ హఫ్ అనే శాస్త్రవేత్త ఊహించాడు. ఆ చిట్లుళ్ళ చుట్టూ వాపు చేరాలి, అక్కడి నరాల కొసలు సున్నితం కావాలి. దానికి గంటలు పడుతుంది. అందుకే నొప్పి 12 నుంచి 24 గంటలకు మొదలై, రెండో మూడో రోజుకి ముదిరి, ఐదు నుంచి ఏడు రోజుల్లో సర్దుకుంటుంది. కూర్చోవడానికి ప్రాణం పోయి, లేవడం పర్లేదనిపించడానికి కారణం కూడా అదే. ఆ కబడ్డీ ఆటగాడు కుర్చీలో పూర్తిగా కూర్చోకముందే నాకు సగం విషయం తెలిసిపోయింది.

అపోహ: "నొప్పి రాలేదంటే ఆ వర్కౌట్ దండగ."

ఈ మాట అనేవాళ్ళు నొప్పిని రసీదులా చూస్తారు. కానీ నొప్పి ఎంత ఉందో దాన్ని బట్టి కండకు ఎంత మేలు జరిగిందో చెప్పలేం. ఎంత దెబ్బ తగిలిందో కూడా సరిగ్గా చెప్పలేం. అదే వ్యాయామం పది రోజుల తర్వాత మళ్ళీ చేయండి, నొప్పి బాగా తక్కువగా ఉంటుంది. మొదటిసారి తిన్న దెబ్బతో కండ జాగ్రత్తపడుతుంది. ఆ రక్షణ వారాలపాటు, కొన్నిసార్లు నెలలపాటు నిలుస్తుంది.

దీంట్లో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఈ రక్షణ రావడానికి మొదటి రోజు ఒళ్ళు హూనం చేసుకోనక్కర్లేదు. జపాన్‌కి చెందిన కజునోరి నొసాకా బృందం 2001లో చేతి కండల మీద దీన్ని పరీక్షించింది. సాగుతూ బరువు మోసే కదలికలు ముందుగా రెండో ఆరో మాత్రమే చేయించినా, రెండు వారాల తర్వాత 24 చేయించినప్పుడు కండకు కొంత రక్షణ దొరికింది. రెండంటే రెండు! వంద బస్కీలు తీసినాయనకు ఈ మాట చెబితే కాసేపు నన్నే చూస్తూ ఉండిపోయారు.

అపోహ: "నేను పాత ఆటగాణ్ణి, నా ఒంటికి అలవాటే."

నా అనుభవంలో అందరికన్నా ఎక్కువ దెబ్బ తినేది వీళ్ళే. ఎప్పుడూ వ్యాయామం చేయనివాళ్ళు భయం భయంగా, కొంచెంగా మొదలుపెడతారు. పాత ఆటగాడికి భయం ఉండదు, లెక్క గుర్తుంటుంది. ఇరవై రెండేళ్ళప్పుడు తీసిన బస్కీల లెక్క.

అతని ధీమాలో కొంత నిజం లేకపోలేదు. కదలిక తీరు మెదడు మర్చిపోదు. ఒకప్పుడు పెరిగిన కండ, కొత్తవాడి కండ కన్నా తొందరగానే మళ్ళీ పుంజుకుంటుంది. చిక్కంతా కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువులతో. అవి కండ కన్నా నెమ్మదిగా గట్టిపడతాయి. ఎడ్లు ఉరకలు వేస్తున్నాయి, పలుపుతాళ్ళేమో పాతవి. మూడో నాలుగో వారంలో "నొప్పులన్నీ పోయాయి, ఇక దంచేస్తా" అని బరువులు పెంచినప్పుడు మడమ వెనకో, మోకాలి చిప్ప కిందో, భుజంలోనో పట్టుకునే నొప్పి ఈ బాపతే. అది వారం రోజుల్లో పోయే రకం కాదు.

ఆ బ్యాంకు ఆయనకు నేనిచ్చింది ఇది. కుర్చీలో కూర్చుని లేవడం, ఎనిమిదిసార్లు, రెండు విడతలు. ఆపేటప్పటికి ఇంకా ఐదారు చేయగలననిపించాలి. మధ్యలో రెండు రోజులు ఖాళీ. వారానికి రెండుసార్లే. రెండు వారాల దాకా బరువుల జోలికి పోవద్దు.

"ఇది మా అమ్మ చేసే ఎక్సర్‌సైజ్ సార్" అన్నారు మొహం చిన్నబుచ్చుకుని.

"అమ్మగారికి నొప్పులేమైనా ఉన్నాయా?" అన్నాను.

అపోహ: "నొప్పి పూర్తిగా పోయేదాకా మంచం దిగకూడదు." దీని కవల సోదరి: "ముల్లును ముల్లుతోనే తీయాలి, నొప్పి మీదే మళ్ళీ కొట్టు."

రెండూ వద్దు. రెండో రోజు, మూడో రోజు పదిహేను ఇరవై నిమిషాలు మెల్లగా నడవండి, లేదా బరువు లేకుండా సైకిల్ తొక్కండి. మొదటి ఐదు నిమిషాలు కాళ్ళు తిట్టుకుంటాయి, తర్వాత నొప్పి తేలికవుతుంది. ఇంటికొచ్చి కూర్చుంటే మళ్ళీ వస్తుంది, కంగారు పడొద్దు. నడిచినందువల్ల మానడం ఆలస్యం కాదు. కాళ్ళు పట్టేసి ఉంటే ఆ రోజు చేతుల వ్యాయామం చేసుకోవచ్చు. పట్టేసిన కండకే మళ్ళీ పెద్ద పని పెట్టడం మాత్రం కుదరదు.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆ నాలుగైదు రోజులూ కండకు నొప్పితో పాటు బలం కూడా తగ్గి ఉంటుంది. కాలు ఎక్కడ పడుతోందో తెలిసే లెక్క కూడా కాస్త తప్పుతుంది. నొప్పి తగ్గిపోయాక కూడా బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. మెట్లు దిగేటప్పుడు మోకాలు ఉన్నట్టుండి మడతపడేది అందుకే. రెయిలింగ్ పట్టుకుని దిగండి. ఆ వారం బండి మీద వెనక సిలిండర్ పెట్టుకుని వెళ్ళే పనులు వేరేవాళ్ళకి చెప్పండి.

అపోహ: "ముందు స్ట్రెచింగ్ చేసుంటే ఈ బాధ ఉండేది కాదు."

ఫిజియోథెరపిస్టుగా ఇది ఒప్పుకోవడానికి నాకూ కాస్త టైం పట్టింది. ఈ విషయం మీద జరిగిన 12 అధ్యయనాలను వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 2011లో ఒకచోట చేర్చి చూసింది. వందకు కొలిచిన నొప్పిలో స్ట్రెచింగ్ వల్ల మర్నాటికి తగ్గింది సగటున ఒక పాయింటు, అంతకన్నా తక్కువ. ఒళ్ళు సాగడానికి చేసుకోండి, మంచిదే. ఈ నొప్పికి మందనుకోకండి.

అపోహ: "మాలిష్, బామ్, ఐసు, మాత్ర... ఏదో ఒకటి చేస్తే కండ తొందరగా మానుతుంది."

మాలిష్ హాయినిస్తుంది, నొప్పి కొంత తగ్గిస్తుంది. నువ్వుల నూనె అయినా కొబ్బరి నూనె అయినా ఒకటే, పనిచేసేది చెయ్యి. గట్టిగా పిసికించుకోకండి. బామ్ చర్మానికి చల్లగానో వెచ్చగానో తగిలి మెదడు దృష్టి మళ్ళిస్తుంది, కండ లోపల మరమ్మతు చేయదు. చన్నీళ్ళూ, వేన్నీళ్ళ కాపడమూ అంతే. ఏది హాయిగా ఉంటే అది. బామ్ రాసి దాని మీద కాపడం మాత్రం పెట్టొద్దు, చర్మం కాలుతుంది.

మాత్రల దగ్గర మాత్రం నేను గట్టిగా మాట్లాడతాను. జిమ్‌కి వెళ్ళేముందే డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర వేసుకునే కుర్రాళ్ళను చూశాను. చెమట పట్టి ఒంట్లో నీళ్ళు తగ్గిన వేళ ఆ జాతి మాత్రలు కిడ్నీల మీద భారం పెడతాయి. బీపీ, కడుపులో పుండు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా ముట్టుకోకూడదు. నొప్పి తెలియకుండా చేసుకుని బరువులెత్తితే ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది?

ప్రోటీన్ పౌడర్ కూడా నొప్పికి విరుగుడు కాదు. 2020లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన లెక్కలో పెద్దవాళ్ళకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చెప్పారు. వ్యాయామం చేసేవాళ్ళకు అంతకన్నా ఎక్కువే కావాలి. అయితే ముందు ఆ మాత్రమైనా మన పళ్ళెంలో ఉందా, లేక అన్నం మీద రెండు గరిటెల పప్పునీళ్ళతో సరిపెడుతున్నామా అన్నది చూసుకోవాలి.

అపోహ: "నరం పట్టేసింది."

మన దగ్గర ఏ నొప్పైనా నరమే. వ్యాయామం తర్వాత వచ్చే కండ నొప్పి రెండు తొడలకూ, రెండు చేతులకూ సమానంగా వస్తుంది. వేలితో నొక్కితే కండ మొత్తం సలుపుతుంది, కదలకుండా ఉంటే ఊరుకుంటుంది. చేస్తుండగానే పుటుక్కుమని, ఒక్క చోటే, ఒక్క పక్కే పట్టుకుంటే అది కండ చిరుగు. కీలు వాస్తే అది కీలు సమస్య. తిమ్మిరి, మొద్దుబారడం, నడుము నుంచి కాలి దాకా కరెంటు కొట్టినట్టు ఉండడం, ఇవి నరానివి. ఈ మూడింటికీ వారం ఆగకుండా చూపించుకోండి.

ఛాతీలో, ఎడమ భుజంలో, దవడలో నొప్పి, దాంతో పాటు చెమటో ఆయాసమో వస్తే "నిన్న దండీలు తీశాగా" అని సర్దిచెప్పుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. నలభై దాటి, బీపీయో షుగరో ఉన్నవాళ్ళు అసలు మొదలుపెట్టకముందే డాక్టర్ని కలవడం మేలు. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్రలు వేసుకుంటుంటే అది కూడా చెప్పండి, ఆ మందుల వల్ల కొందరికి ఒళ్ళు నొప్పులు వస్తాయి.

ఇంకో చిన్న మాట. గట్టిగా వ్యాయామం చేసిన వారంలో హెల్త్ చెకప్‌కి రక్తం ఇవ్వకండి. కండలోంచి కారిన ఎంజైములు లివర్ టెస్టులో ఎక్కువగా కనపడి, లేని జబ్బుకు టెన్షన్ పడతారు.

అపోహ: "మూత్రం రంగు మారిందా? నీళ్ళు తక్కువ తాగుంటావు."

కుర్చీలో సర్దుకోగానే నేను ఆ బ్యాంకు ఆయన్ని మొదట అడిగింది ఇదే. "మూత్రం ఏ రంగులో వస్తోంది?" కాళ్ళ నొప్పికొస్తే ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, "మామూలుగానే, లేత పసుపు" అన్నారు. అప్పుడు నా మనసు కుదుటపడింది.

అలవాటు లేని కండను మొదటి రోజే, అందులోనూ ఎండలో, హద్దు మీరి వాడితే కొందరిలో కండ పెద్ద ఎత్తున విచ్ఛిన్నమవుతుంది. రాబ్డోమయోలిసిస్ అంటారు. తరచూ వచ్చేది కాదు, కానీ వస్తే ఆటలు కాదు. కండలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తుంది. నీళ్ళు తక్కువైతే మూత్రం ముదురు పసుపు అవుతుంది, రెండు మూడు గ్లాసులు తాగితే తేటపడుతుంది. ఇది అలా కాదు. టీ డికాషన్ రంగులో, కోలా రంగులో వస్తుంది. కండ ఉబ్బి రాయిలా ఉంటుంది, మోచెయ్యి చాపలేరు, నొప్పి రోజురోజుకీ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. మూత్రం రంగు మారకుండా కూడా రావచ్చు. అందుకే చెయ్యో కాలో అంతగా ఉబ్బి మొరాయిస్తే రంగు కోసం ఎదురుచూడకండి.

అలాంటప్పుడు నా దగ్గరికి రావద్దు, మాలిష్ చేసే మనిషి దగ్గరికీ వద్దు. సెలైన్ ఎక్కించగలిగే ఆసుపత్రికి, అర్ధరాత్రయినా సరే వెళ్ళి, "మొన్న ఇన్ని బస్కీలు తీశాను, సీకే టెస్ట్ చేయండి" అని చెప్పండి. దెబ్బతిన్న కండలోంచి రక్తంలోకి కారే ఎంజైమును కొలిచే రక్త పరీక్ష అది. బస్కీల లెక్క తగ్గించి చెప్పకండి.