మాత్ర వేసినా ఏలికపాము ఎందుకు పడింది? ఎలుకల్లో ఎప్పుడో తేలిన సంగతి

ఆగస్టు విడత నులిపురుగుల మాత్రలు దగ్గర పడేసరికి శ్రీకాకుళం జిల్లా టెక్కలి, పలాస వైపు ఊళ్లలో మళ్లీ అదే గొడవ. ఫిబ్రవరిలో బడిలో మాత్ర వేశారు, ఎండాకాలం సెలవుల్లోనే పిల్లాడికి ఏలికపాము పడింది, మరి అదేటి మందని తల్లులు అడుగుతున్నారు. చేతులు కడగకపోతే మళ్లీ వస్తాయన్నది సిబ్బంది జవాబు. నిజమే, కానీ సగం నిజం. ఆ సగంతో తప్పంతా తల్లి మీదకే పోతోంది.

మిగతా సగం ఎలుకల ఊపిరితిత్తుల్లో దొరికింది. 1916లో స్టీవార్ట్ అనే బ్రిటిష్ వైద్యుడు ఎలుకలకు ఏలికపాము గుడ్లు తినిపించి చూస్తే, పేగులో పొదిగిన పిల్ల పురుగులు అక్కడ ఆగకుండా కాలేయం మీదుగా ఊపిరితిత్తుల్లోకి పోయాయి. మనుషుల్లోనూ అంతేనని 1922లో జపాన్ వైద్యుడు కోయినో తానే 2000 గుడ్లు మింగి తేల్చాడు, ఆయన కఫంలో పిల్ల పురుగులు కనిపించాయి.

నాకు తెలిసి అసలు మలుపు ఇదే, ఎందుకంటే అక్కడి నుంచి పురుగుల మందుకి రెండు పరీక్షలయ్యాయి. పేగులో ఉన్న పెద్ద పురుగు మీద ఒకటి, ఒంట్లో తిరిగే పిల్ల పురుగు మీద ఇంకొకటి. రెండోదానికి చిట్టెలుక బాగా పనికొచ్చింది. గుడ్లు పట్టించిన వారానికి దాని ఊపిరితిత్తుల నిండా పిల్ల పురుగులే, మందు పోసిన ఎలుకల్లో ఎన్ని మిగిలాయి, పోయని వాటిలో ఎన్ని ఉన్నాయి అని లెక్కపెట్టడమే పని. కుక్కల ఏలికపాము పిల్లలైతే ఎలుక మెదడు దాకా పోతాయి, అక్కడ చేరాక మందుకు లొంగడం చాలా కష్టం. ఒంట్లో తిరిగే పిల్ల పురుగుల్ని పట్టాలంటే ఒక్క మోతాదు చాలదు, రోజుల తరబడి ఇవ్వాలి. చూలు కుక్కకి 40వ రోజు నుంచి ఈనిన 14వ రోజు దాకా రోజూ ఫెన్‌బెండజోల్ అనే పురుగుల మందు ఇచ్చే పద్ధతి ఉన్నది, కండల్లో దాగిన పిల్ల పురుగులు కూనలకు చేరకూడదనే.

బడిలో ఇచ్చే 400 మిల్లీగ్రాముల అల్బెండజోల్ మొదటి పరీక్షకి సరిపడే మోతాదు. అది రక్తంలోకి తక్కువగా ఎక్కుతుంది. పేగులో పాముని చంపడానికి అదే మంచిది, కానీ ఆ రోజు ఊపిరితిత్తుల్లో ఉన్న పిల్ల పురుగుకి పెద్దగా తగలదు. అది గొంతులోకి ఎక్కి, మళ్లీ కడుపులోకి దిగి, గుడ్డు మింగిన రెండు మూడు నెలలకి పెద్ద పామవుతుంది. ఫిబ్రవరి 10 నుంచి లెక్కేస్తే ఎండాకాలం సెలవులే కదా.

ఇది మన జనానికి అర్థం కాని విషయమేం కాదు. బోదకాలు మాత్రలు ఏటా మింగిన జిల్లాలు ఇవి. ఆ డీఈసీ మందు మన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో వచ్చింది, 1947 నాటికి పత్తి ఎలుకల మీదా కుక్కల మీదా చూశారు. ముఖ్యంగా రక్తంలోని పిల్ల పురుగుల్ని చంపుతుంది, పెద్దవి చాలావరకు బతికే ఉంటాయి, అందుకే ఏటా వేయాలి. అల్బెండజోల్‌ది దీనికి తిరగేసిన కథ అని చెబితే ఏ తల్లికైనా అర్థమవుతుంది.

ఈసారి మాత్ర వద్దంటున్న ఇళ్లున్నాయి. ఫిబ్రవరిలో తప్పించుకున్న పిల్ల పురుగు ఇప్పుడు పేగులో పెద్దదై ఉంటుంది, ఆగస్టు మాత్రకి దొరికేది అదే. ఈ ముక్క వాళ్లకి ఇంకా ఎవరూ చెప్పలేదు.