ఎర్రబడని లోహాన్ని ఎలా సాగగొడతారు?

పొదిలి దగ్గర పల్లె నుంచి మా పాలిటెక్నిక్‌కి వచ్చే కుర్రాడొకడు మొన్న క్లాసయ్యాక ఆగి అడిగాడు.

"సార్, మా తాత కొలిమిలో సత్తు గరిటె ఒకటి పెట్టి చూశా. కొడవలి మాదిరి ఎర్రగా కాలితే సమ్మెటతో కొడదామని. ఎంతసేపు చూసినా ఎర్రబడలా. ఉన్నట్టుండి బొగ్గుల్లోకి కారిపోయింది. మరి విమానం భాగాలు సత్తుతోనే కదా చేసేది? ఎప్పుడు కొట్టాలో వాళ్లకి ఎట్టా తెలుస్తుంది?"

సత్తు అంటే అల్యూమినియం. లోహాన్ని వేడిచేసి, కొట్టో నొక్కో ఆకారం తెచ్చే ఫోర్జింగ్ పాఠం పాతికేళ్లుగా చెబుతున్నాను. ఓపెన్ డై, క్లోజ్డ్ డై, అప్‌సెట్టింగ్ అంటూ రకాలు వరుసగా రాయించే అధ్యాయం అది. ఆ రకాలు ఏ పుస్తకంలోనైనా ఉంటాయి, ఇక్కడ వదిలేస్తున్నాను. ఈ కుర్రాడు అడిగింది మాత్రం పుస్తకంలో లేదు.

ముందు వాళ్ల తాత సంగతి చెప్పాలి. చీమకుర్తి క్వారీల ఉలులకు, చుట్టుపక్కల రైతుల కొడవళ్లకు ఆయన పదును పెడతాడు. ఆయన థర్మామీటరు కళ్లే. ఇనుము రేగుపండు రంగుకు వస్తే సుమారు 750 డిగ్రీలు, మోదుగుపువ్వు రంగుకు వస్తే 900 దాటినట్టు, తంగేడుపువ్వు రంగయితే 1,100 దగ్గర. డిగ్రీల లెక్క నాది, పువ్వుల పేర్లు ఆయనవి. కొలిమి పాకకు మూడు వైపులా గోనెపట్టాలు కట్టి లోపల చీకటిగా ఉంచుతాడు. ఊళ్లో అడిగితే దిష్టి తగలకుండా అంటారు. నిజానికి ఎండలో ఇనుము రంగు సరిగా కనిపించదు. చీకట్లోనే రేగుపండుకూ మోదుగుపువ్వుకూ తేడా తెలుస్తుంది. దిష్టి పేరుతో ఆచారంగా నిలిచిపోయింది మంచి శాస్త్రమే. పిల్లలకు ఆ కారణం కూడా చెబితే బాగుండు.

ఘనపదార్థం ఏదైనా సరే, కంటికి కనబడేలా వెలగడం మొదలుపెట్టేది సుమారు 525 డిగ్రీల సెల్సియస్ దగ్గర. 1847లో జాన్ విలియం డ్రేపర్ ఈ సంగతి చెప్పాడు. ఇనుము 1,538 డిగ్రీల దాకా కరగదు కాబట్టి, వెలగడం మొదలయ్యాక ఇంకా వెయ్యి డిగ్రీల దూరం ఉంది. అల్యూమినియం 660కే కరుగుతుంది. దానికి మిగిలింది నూటముప్పై అయిదు డిగ్రీలే. పైగా నున్నగా మెరిసే అల్యూమినియం కాంతిని, వేడిని వికిరణంగా వదలడంలో మహా పిసినారి. కరిగే ముందు ఆ కాస్త వెలుగు కూడా పగటిపూట కంటికి ఆనదు. దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ను కూడా దీని ముందు తప్పు చెబుతుంది, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అందుకే ఫ్యాక్టరీల్లో థర్మోకపుల్ తీగను లోహానికే తగిలించి కొలుస్తారు.

సాగగొట్టాల్సిన వేడి అసలు ఆ వెలుగు దాకా రానే రాదు. విమానాల్లో వాడే 2014 అనే అల్యూమినియం-రాగి మిశ్రమాన్ని 420, 460 డిగ్రీల మధ్య నొక్కాలి. అంతకు తగ్గితే పగుళ్లు. బాగా పెరిగితే లోహంలోని స్ఫటిక రేణువుల సరిహద్దుల్లో రాగి ఎక్కువగా ఉన్న చోట్ల ముందే కరగడం మొదలై, ముక్క పొడిపొడిగా విడిపోతుంది. ఉక్కుకు మూడొందల డిగ్రీల వెసులుబాటు ఉంటే దీనికి నలభై.

ఈ నలభై డిగ్రీలు అర్థం కావాలంటే సంక్రాంతికి అరిసెలు చేసే ఇంటికి వెళ్లాలి. బెల్లం పాకం రంగు చూసి పదును చెప్పగలిగే మనిషి లేదు. లేతపాకమూ ముదురుపాకమూ చూపుకు ఒకటే. మా అమ్మ చెంచాడు పాకాన్ని నీళ్లలో వేసి వేళ్లతో ఉండ కడుతుంది. ఉండ నిలిస్తే పిండి పోస్తుంది, జారితే మళ్లీ మంట. కంటికి కనబడని వేడిని ఇంకొక గుర్తుతో పట్టడం అంటే అదే. అల్యూమినియానికి వర్క్‌షాపుల్లో పాత గుర్తు సబ్బు. చల్లని ముక్క మీద బట్టల సబ్బుతో గీత గీసి వేడిచేస్తే, 350, 400 డిగ్రీల మధ్య ఆ గీత గోధుమరంగు తిరిగి నల్లబడుతుంది. లోహం తన వేడి చెప్పదు కాబట్టి సబ్బు చేత చెప్పించడం.

పాకం కుదిరినా పని అయిపోదు. చలిమిడి వేడిగా ఉన్నప్పుడే తట్టాలి. ఆరితే అంచులు బీటలు వేస్తాయి. చల్లని రాతి మీద తడితే అడుగున ఆరిపోయి, పైన మాత్రం సాగుతుంది. అల్యూమినియం మిశ్రమాలు మామూలు ఉక్కుకంటే మూడు నాలుగు రెట్లు చురుగ్గా వేడిని ప్రసరింపజేస్తాయి. చల్లని డైలో, అంటే నొక్కే అచ్చులో, పెడితే క్షణాల్లో చర్మం చల్లబడి, లోపల మాత్రం వేడిగా ఉంటుంది. అందుకే డైలను కూడా 250 నుంచి 400 డిగ్రీల దాకా కాల్చి ఉంచుతారు. ఉక్కు పనివాడికి ఈ భాగ్యం లేదు. తన డైని 1,200 డిగ్రీలకు కాలిస్తే, అదీ ఉక్కే కాబట్టి, అదే మెత్తబడుతుంది. నికెల్ మిశ్రమాల టర్బైన్ చక్రాలకు డైని కూడా అంతే వేడిలో ఉంచాలని పట్టుబట్టేవాళ్లు మాలిబ్డినం మిశ్రమంతో డైలు చేస్తారు. వేడిలో గాలి తగిలితే మాలిబ్డినం ఆక్సైడై ఆవిరైపోతుంది కాబట్టి మొత్తాన్నీ శూన్యంలో పెట్టి నొక్కుతారు.

ఇక్కడ అరిసె పోలిక ఆగిపోతుంది. తట్టినంత మాత్రాన చలిమిడి వేడెక్కదు, లోహం వేడెక్కుతుంది. నొక్కడానికి పెట్టిన శ్రమలో సుమారు 90 శాతం వేడిగా మారుతుంది. లెక్క వేద్దాం. వేడి మిశ్రమాన్ని గట్టి దెబ్బతో అణిచేటప్పుడు అది చూపే నిరోధం 10 కోట్ల పాస్కల్ అనుకోండి. ఆకారం ఎంత మారిందో చెప్పే వికృతి ఒకటి అనుకోండి, అంటే ముక్క ఎత్తులో మూడో వంతుకు కాస్త పైన మిగిలేలా అణచడం. ఆ రెండింటినీ గుణిస్తే ఘనమీటరుకు 10 కోట్ల జౌళ్ల పని, అందులో 9 కోట్లు వేడి. ఘనమీటరు అల్యూమినియాన్ని ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 27 లక్షల జౌళ్లు కావాలి. 9 కోట్లను 27 లక్షలతో భాగిస్తే 33 డిగ్రీలు. ఉన్న వెసులుబాటే నలభై, ఒక్క దెబ్బకే అందులో ముప్పైమూడు ఖర్చు! ఈ లెక్క బోర్డు మీద తేలిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే ప్రెస్సు. సమ్మెట సెకనుకు కొన్ని మీటర్ల వేగంతో దిగుతుంది, పుట్టిన వేడి పోవడానికి సమయమే ఉండదు. హైడ్రాలిక్ ప్రెస్సు సెకనుకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున కూడా దిగగలదు. నెమ్మదిగా నొక్కితే నిరోధమూ తగ్గుతుంది, పుట్టిన వేడి డైలోకి జారుకునే వీలూ ఉంటుంది. మరీ నెమ్మదిస్తే ముక్క ఆరిపోతుంది. అరిసెను రెండు గరిటెల మధ్య నూనె కారేలా నొక్కే చేతికి ఈ వేగం తెలుసు. గబుక్కున నొక్కితే విరుగుతుంది, ఆలస్యమైతే బిగుసుకుంటుంది.

నెమ్మదిగా నొక్కాలంటే దెబ్బ ఊపు సాయపడదు, బలమంతా ప్రెస్సే ఇవ్వాలి. 1950లో అమెరికా ప్రభుత్వం విమానాల కోసం భారీ ప్రెస్సుల కార్యక్రమం మొదలుపెట్టి పది యంత్రాలు కట్టించింది. వాటిలో రెండు ఫోర్జింగ్ ప్రెస్సులు ఒక్కొక్కటి 50,000 టన్నులవి. మన టన్నుల్లో 45,000 పైమాటే. చీమకుర్తి గ్రానైట్‌లో ఘనమీటరు దిమ్మె సుమారు మూడు టన్నులు. అలాంటివి పదిహేను వేలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ బరువంతా ఒక్క ముక్క మీద దించినట్టు.

లోపల పరమాణువుల్లో జరిగేది ఇంకా అందం. నొక్కినప్పుడు స్ఫటికాల్లో పరమాణువుల వరుస తప్పిన డిస్లొకేషన్లనే లోపాలు కదులుతాయి, పుడతాయి, చిక్కుపడతాయి. చిక్కు పెరిగితే లోహం గట్టిపడుతుంది. అల్యూమినియంలో స్టాకింగ్ ఫాల్ట్ శక్తి, అంటే పరమాణు పొరల పేర్పు క్రమం తప్పడానికి అయ్యే ఖర్చు, ఎక్కువ. దాంతో డిస్లొకేషన్లు రెండుగా చీలి దూరం జరగవు. ఒక తలం నుంచి పక్క తలంలోకి సులువుగా మారతాయి, వేడిలో పైకి ఎక్కి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. నొక్కుతుండగానే చిక్కు విడిపోతూ ఉంటుంది. దీన్ని డైనమిక్ రికవరీ అంటారు. రాగిలోనూ ఎర్రగా కాలిన ఉక్కులోనూ ఆ శక్తి తక్కువ. చిక్కు విప్పుకోలేక అవి కొత్త స్ఫటికాలనే పుట్టించుకుంటాయి. కొత్తపట్నం ఒడ్డున వల చిక్కుపడితే కూర్చుని ముడి విప్పేవాళ్లూ ఉంటారు, అక్కడికి కోసేసి కొత్తగా అల్లేవాళ్లూ ఉంటారు. అల్యూమినియం మొదటి రకం.

ఇది మనకు దూరపు సంగతి కూడా కాదు. శ్రీహరికోట రాకెట్ లేస్తే నెల్లూరు మేడల మీద నిలబడి చూస్తాం. అందులో ఎంతో భాగం అల్యూమినియం మిశ్రమాలే. నెల్లూరు జిల్లా బొద్దువారిపాలెంలో మేలురకం అల్యూమినియం మిశ్రమాల ఫ్యాక్టరీ కోసం కేంద్ర ప్రభుత్వ లోహ సంస్థలు నాల్కో, మిధాని కలిసి 2019లో ఉత్కర్ష అల్యూమినియం ధాతు నిగమ్ అనే సంస్థ పెట్టాయి. రేకులు సాగదీసే వేడి రోలింగ్‌లో కూడా ఇలాంటి ఇరుకు వేడితోనే పని.

ఆదివారం కుర్రాడితో వాళ్ల తాత కొలిమికి వెళ్లాను. వెల్డింగ్ షాపులో దొరికిన బొటనవేలి లావు అల్యూమినియం కడ్డీ ముక్కలు రెండు తీసుకెళ్లాం. మొదటిదాని మీద సబ్బు గీత గీసి బొగ్గుల మీద పెట్టాం. గీత గోధుమరంగు తిరిగి నల్లబడింది. "ఇంకా కాల్లేదయ్యా, తెల్లగానే ఉంది గదా" అన్నాడు పెద్దాయన. అయినా నా మాట మీద పటకారుతో తీసి, వేడిచేసి ఉంచిన ఇనుప దిమ్మ మీద పెట్టి కొట్టాడు. నాలుగు దెబ్బలకు కడ్డీ పట్టీలా పరుచుకుంది, అంచుల్లో ఒక్క చీలిక లేదు. రెండోది గీత నల్లబడ్డాక కూడా కావాలనే ఉంచి తిత్తి ఊదించాం. రంగు అప్పుడూ మారలేదు. మొదటి దెబ్బకే తడి ఇసుక ముద్దలా రాలిపోయింది.

పెద్దాయన ఆ రాలిన ముక్కలను వేలితో కదిపి చూశాడు. ఆ తర్వాత మనవణ్ణి ఇంట్లోంచి సబ్బు బిళ్ల మొత్తం తెమ్మని పంపించాడు.