వైరస్‌పై ఉడుంపట్టు

కరోనా వైరస్ మన కణంలోకి చొరబడాలంటే ముందు దానికి పట్టు దొరకాలి. మన కణాల పైపొరలో ఏసీఈ2 అనే ప్రొటీన్ ఉంటుంది. వైరస్ ఒంటి మీది కొమ్ము, అంటే స్పైక్ ప్రొటీన్, తన కొనతో దాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టు చిక్కకుండా చేస్తే వైరస్ వాకిట్లోనే ఆగిపోతుంది. లోపలికి వచ్చి పిల్లలు పెట్టాక పోరాడటం కంటే ఇది ఎంతో నయం.

అయితే మనం మింగే మాత్రల్లోని అణువులు చాలా చిన్నవి. ప్రొటీన్‌లో ఎక్కడైనా గుంట దొరికితే అందులో ఒదిగి కూర్చుంటాయి. 2007లో అమెరికాలో ఆమోదం పొందిన హెచ్‌ఐవీ మందు మారావిరాక్ అలాంటిదే. అది వైరస్ జోలికే పోదు. మన కణం మీది సీసీఆర్5 అనే ప్రొటీన్ లోతుల్లో చేరి, వైరస్‌కు పట్టు చిక్కకుండా దాన్ని బిగించేస్తుంది. ఏసీఈ2ను తాకే చోట స్పైక్ కొనకు అంత లోతైన గుంట లేదు, వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. గోడకు గులకరాయి అంటుకుంటుందా? అక్కడ ఉడుం కావాలి. ఒళ్లంతా ఆనించి, నాలుగు కాళ్లతో కరుచుకునేది.

అలాంటి ఉడుమును సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బేకర్ బృందం 2020లో కంప్యూటర్‌పై రూపొందించింది. మొదట ఏసీఈ2లో స్పైక్‌ను తాకే మెలిక తిరిగిన ముక్కనే తీసుకుని దాని చుట్టూ చిన్న ప్రొటీన్‌ను అల్లారు. రెండో పద్ధతిలో ప్రకృతి నుంచి ఏమీ అరువు తెచ్చుకోలేదు. ప్రొటీన్లకు ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు. వాటిని విడివిడిగా స్పైక్ ఉపరితలం మీద పెట్టి చూస్తూ, ఏది ఎక్కడ బాగా అతుక్కుంటుందో కంప్యూటర్‌తో లెక్కగట్టించారు. అంటే ముందు పాదాలు, ఆ తర్వాత ఆ పాదాలన్నిటినీ సరైన చోట నిలిపే ఒళ్లు! మొత్తం ఇరవై లక్షల నమూనాల్లో 1,18,000కు పైగా ప్రయోగశాలలో తయారు చేసి పరీక్షించారు.

గెలిచింది రెండో పద్ధతి. కోట్ల ఏళ్ల పరిణామం మలిచిన మెలిక కంటే, అంతకు ముందు లోకంలో లేని ప్రొటీనే గట్టిగా పట్టింది. వాటిలో ఒకటైన ఎల్‌సీబీ1లో ఉన్నవి 56 అమైనో ఆమ్లాలే. వైరస్‌ను పట్టుకోవడానికి మన ఒళ్లే తయారుచేసుకునే ప్రొటీన్ అయిన యాంటీబాడీలో 1,300 దాటి ఉంటాయి. అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తే, స్పైక్‌ను పట్టుకున్న ఆ ప్రొటీన్ కంప్యూటర్ గీసిన బొమ్మకు దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఈ కథలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఇదే. బేకర్‌కు 2024లో రసాయన శాస్త్ర నోబెల్‌లో సగం దక్కింది ప్రొటీన్లను ఇలా కొత్తగా రూపొందించినందుకే.

వైరస్ ఊరుకోలేదు. అది మారి బీటా రకమైనప్పుడు, స్పైక్‌లో 417వ స్థానంలోని లైసిన్ అనే అమైనో ఆమ్లం పోయి ఆస్పరజిన్ అనే మరొకటి వచ్చింది. సరిగ్గా ఉడుం పాదం మోపే చోటది. ఎల్‌సీబీ1 పట్టు సడలింది. స్పైక్‌కు మూడు తలలుంటాయి కనుక, పరిశోధకులు మూడు చిన్న ప్రొటీన్లను కలిపి ఒకేసారి మూడింటినీ పట్టేలా మార్చారు. ఒక పాదం జారినా మిగిలినవి వదలవు. మందుల దుకాణం దాకా ఇవి ఇంకా రాలేదు. ప్రయోగశాలలో మాత్రం ఒమిక్రాన్‌ను సైతం ఆపాయి; ముక్కులో చుక్కలుగా వేస్తే ఎలుకలను బీటా, డెల్టా రకాల నుంచి కాపాడాయి.