ఎండకు తట్టుకునే పూల మొక్కలు: అపోహలు, వాస్తవాలు (రాజురా నల్లరేగడి నుంచి)

మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా రాజురా చుట్టుపక్కల, పిలిస్తే బల్లార్షా, ఆసిఫాబాద్ దాకా పోయి ఇళ్ళల్లో పూల తోటలు వేసి పెట్టడం నా పని. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, రోజూ నీళ్ళు పోసే ఓపిక లేదు, ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి పూసేవి పెట్టు." అలాంటివి ఉన్నాయి. కాకపోతే వాటి గురించి జనం నమ్మేవాటిలో సగం తప్పు.

అపోహ: మా దగ్గర మొక్కలు ఎండకే చస్తాయి.

మేలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్తే కాదు కాబట్టి అలా అనిపిస్తుంది. కానీ నేను పీకి పారేసినవాటిలో ఎక్కువ ఆగస్టులో చచ్చినవే. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా పడే వాన దాదాపు అంతా జూన్, సెప్టెంబర్ మధ్యలోనే పడుతుంది, కిందేమో నల్లరేగడి, తడిస్తే ఉబ్బి నీళ్ళను పట్టుకుని కూర్చుంటుంది, ఎండితే నెర్రెలు బారి వేళ్ళను తెంపుతుంది. ఈ రకం మొక్కలు నీళ్ళు లేకపోయినా ఓర్చుకుంటాయి, వేళ్ళకు గాలి ఆడకపోతే మాత్రం ఓర్చుకోవు. ఇది నేను డబ్బు పెట్టి నేర్చుకున్నా. ఎడారి గులాబీ కదా, ఎండకు భయం లేదు కదా అని మొదటి ఏడాది పన్నెండు అడీనియంలు నేలలో పెట్టాను. మే దాటాయి. శ్రావణంలో ఒకదాని మొదలు నొక్కి చూస్తే, కుళ్ళిన వంకాయలోకి దిగినట్టు వేలు దిగిపోయింది. ఇప్పుడు అడీనియం కుండీలో తప్ప పెట్టను.

మరి గుంత తవ్వి మంచి ఎర్రమట్టి, ఎరువు నింపితే? అదే అసలు చావు. రేగడిలో తవ్విన గుంత నీళ్ళ తొట్టితో సమానం, చుట్టుపక్కల పడ్డ వానంతా దాంట్లోకే చేరి అక్కడే నిలుస్తుంది. గుంత కాదు, దిబ్బ కావాలి. మొరం, ఉన్న మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి అడుగు, అడుగున్నర ఎత్తు వెడల్పుగా పోసి దాని మీద నాటండి. నేను చేసే తోటల్లో సగం ఖర్చు ఈ మట్టిపనికే పోతుంది, ఇంటివాళ్ళు ఇక్కడే బేరమాడతారు.

అపోహ: కరువుకు తట్టుకునే మొక్కకు నీళ్ళే అక్కర్లేదు.

తట్టుకునేది వేరు దిగిన మొక్క. కవర్లోంచి నిన్న తీసిన మొక్క కాదు. గోదావరి ఒడ్డున కడియం నర్సరీల నుంచి లారీలో వచ్చినది అక్కడ రోజూ నీళ్ళు తాగి పెరిగింది, దానికి మన ఎండ సంగతి తెలీదు. మృగశిర తర్వాత రెండు మంచి వానలు పడ్డాక నాటండి, మొదటి ఎండాకాలం వారానికోసారి బకెట్ నిండా నెమ్మదిగా పోయండి, రెండో ఎండాకాలం పది పదిహేను రోజులకోసారి. మూడో ఏడు నుంచి గన్నేరు, కాగితపు పూలు, టెకోమా (పసుపు గంటల్లాంటి పూల పొద) నీళ్ళ కోసం మీ మొహం కూడా చూడవు. రోజూ చెంబుడు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది, మీరు నాలుగు రోజులు ఊరెళ్తే వాడిపోతుంది.

గన్నేరు అన్నాను కాబట్టి ఇక్కడే చెప్పేస్తా: మేకలు ముట్టవని గేటు పక్కన పెడతారు, అవి ముట్టకపోవడానికి కారణం ఉంది. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే, ఎండిన కొమ్మలు కాల్చిన పొగ కూడా మంచిది కాదు. పాకే పిల్లలున్న ఇంట్లో నేను పెట్టను.

అపోహ: నీళ్ళు తగ్గితే పూలు తగ్గుతాయి.

కాగితపు పూలను చూడండి. నీళ్ళు, యూరియా దండిగా ఇస్తే గోడెక్కి ఆకే ఆకు. నీళ్ళు కట్టేసి వాడనిస్తే రంగు విరగబడుతుంది (ఆ రంగుది పువ్వు కూడా కాదు, ఆకే, అసలు పువ్వు మధ్యలో ఉండే చిన్న తెల్ల గొట్టం). ఇదేం కొత్త విద్య కాదు, మల్లె తోటల వాళ్ళు చలికాలంలో నీళ్ళు ఆపి, ఆకు దూసి, కొమ్మ కత్తిరించి, ఆ తర్వాతే తడి ఇచ్చి మొగ్గ తెప్పిస్తారు.

అపోహ: ఆకు రాలితే చచ్చినట్టే.

బల్లార్షాలో గనిలో చేసి రిటైరైన ఒక కాకా, జనవరిలో దేవగన్నేరు మోడుబారిందని పీకి చెత్తలో వేశాడు. "కాకా, గోటితో గీకి చూడాల్సింది, పాలు కారితే బతికున్నట్టే" అన్నాను. కాకా ఆ కొమ్మే తీసుకొచ్చి మళ్ళీ గుచ్చాడు, వచ్చింది. దేవగన్నేరు కొమ్మ వారం పది రోజులు నీడలో ఆరబెట్టి గుచ్చితేనే బాగా నాటుకుంటుంది, ఆయన చెత్తలో పడేయడం కలిసొచ్చింది.

అపోహ: నూరువరహాల ఆకు పసుపుబారితే నీళ్ళు చాలనట్టే.

కాదు. ఆకు పసుపై ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే ఇనుము అందట్లేదని అర్థం. మన నేలలో సున్నం ఎక్కువ, గడ్‌చాందూర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు. సున్నపు నేలలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. కుండీలో పెంచుకోండి, లేదా మానేయండి.

అపోహ: కంకర పరిస్తే పనే ఉండదు.

ఫొటోకి బావుంటుంది. మేలో పెనంలా కాలుతుంది, ఏడాదిలో దుమ్ము చేరి గడ్డి మొలుస్తుంది, రాళ్ళ మధ్య గడ్డి పీకడం ఎంత నరకమో పీకినవాడికే తెలుసు. సోయా పొట్టు, ఆకు చెత్త పరచండి, చెదల భయానికి మొదలుకు జానెడు దూరం వదిలి.

అపోహ: రోడ్డు పక్క మొక్కలు తోటకు పనికిరావు.

దీని మీద నాకు కోపం కూడా ఉంది. డిసెంబర్ పూలు, ముళ్ళగోరింట ఈ నేలకూ ఈ ఎండకూ పుట్టినవి, పూత అయ్యాక ఒకసారి కత్తిరిస్తే చాలు. తంగేడు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లాలోదే, రాష్ట్రాల గీత మారినా బతుకమ్మ పోలేదు, ఆ వారం తంగేడు పువ్వు కోసం బండేసుకుని పొద్దున్నే పొలాల వెంట తిరిగేవాళ్ళే ఇంటి ముందు ఒక్క పొద పెట్టమంటే "అది అడవి మొక్క కదా" అంటారు. మరాఠీ పక్కింటివాళ్ళకూ తెలిసిన చెట్టే, తరవడ్ అంటారు. కాయలు ఎండి గలగలమన్నప్పుడు గింజలు తీసి, వేడి నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టి, వానలు మొదలవగానే పెరగాల్సిన చోటే నేరుగా వేయండి. మొలిచాక తవ్వి ఇంకోచోటికి మార్చొద్దు, తల్లివేరు తెగితే మళ్ళీ తేరుకోవడం కష్టం.