పీయూష గ్రంథికి లయే సందేశం

మెదడు అడుగున, కపాలపు ఎముకలోని చిన్న గుంటలో ఒదిగి ఉండే పీయూష గ్రంథి బరువు సుమారు అర గ్రాము. దాని ముందు భాగాన్ని, దానికి పైన ఉండే మెదడు భాగమైన హైపోథాలమస్ నాడీ తంతువులతో నేరుగా శాసించదు; తన ఆజ్ఞలను రసాయనాల రూపంలో, రెండింటినీ కలిపే పోర్టల్ రక్తనాళాల గుండా పంపుతుంది. గత శతాబ్దం మధ్యకాలంలో శాస్త్రవేత్త జెఫ్రీ హారిస్ ఈ సంగతిని రూఢి చేశాక, ఆ రసాయనాలు ఏమిటో తేల్చడానికి రోజర్ గిల్లెమిన్ గొర్రెల మెదళ్లతోను, ఆండ్రూ షాలీ పందుల మెదళ్లతోను ఏళ్ల తరబడి శ్రమించి, 1977లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. అలా బయటపడిన వాటిలో ఒకటి జిఎన్ఆర్‌హెచ్ (గొనాడోట్రోపిన్ రిలీజింగ్ హార్మోన్). కేవలం 10 అమైనో ఆమ్లాల గొలుసైన ఈ చిన్న అణువే అండాశయాలను, వృషణాలను నడిపించే ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ హార్మోన్లను పీయూష గ్రంథి నుంచి విడుదల చేయిస్తుంది.

అయితే అణువు ఒక్కటే చాలదని 1978లో తేలింది. పిట్స్‌బర్గ్‌లో ఎర్నెస్ట్ క్నోబిల్ బృందం, సొంతంగా జిఎన్ఆర్‌హెచ్ అందని రీసస్ కోతులకు దానిని గంటకోసారి, 6 నిమిషాల పాటు మాత్రమే ఎక్కించినప్పుడు హార్మోన్లు మళ్లీ ఊరాయి. అదే మందును ఎడతెగకుండా ఎక్కిస్తే అవి పడిపోయాయి. గ్రంథికి చేరవలసిన సమాచారంలో విరామం కూడా ఒక భాగమని ఇంత సూటిగా చెప్పిన ప్రయోగం నాకు మరొకటి తోచదు. ఈ విరామాల నిడివికీ అర్థం ఉంది: జిఎన్ఆర్‌హెచ్ విడతలు త్వరత్వరగా వస్తే ఎల్‌హెచ్ వైపు, నెమ్మదిగా వస్తే ఎఫ్ఎస్‌హెచ్ వైపు మొగ్గు ఏర్పడుతుంది.

జిఎన్ఆర్‌హెచ్ పీయూష గ్రంథి కణం లోపలికి వెళ్లి పని చేయదు. కణపు పొరను ఏడుసార్లు దాటుకుంటూ అల్లుకున్న గ్రాహకానికి (సంకేతాన్ని అందుకునే ప్రోటీనుకు) బయటి నుంచే అతుక్కుంటుంది. దాంతో లోపలివైపు, సంకేతాన్ని ముందుకు అందించే ఒక జి-ప్రోటీను మేల్కొని, ఫాస్ఫోలైపేజ్-సి అనే ఎంజైమును పురికొల్పుతుంది, ఆ ఎంజైము పొరలోని ఒక కొవ్వు పదార్థాన్ని చీల్చగా వెలువడిన ఐపీ3 అనే అణువు, కణం లోపలి నిల్వల నుంచి కాల్షియాన్ని కణద్రవంలోకి వదిలిస్తుంది. ఆ కాల్షియం కూడా అలలు అలలుగానే పెరిగి తగ్గుతుంది. ఎలుక కణాల్లో గమనించినప్పుడు, ఒక్కో అల లేచినప్పుడల్లా హార్మోను నింపుకున్న రేణువులు కణపు పొరతో కలిసి తమలోని సరుకును వెలుపలికి వదులుతుంటాయి. రక్తంలో జిఎన్ఆర్‌హెచ్ కొద్ది నిమిషాల్లోనే విచ్ఛిన్నమవుతుంది కనుక, తరువాతి విడత వచ్చేలోగా కణానికి తెరపి దొరుకుతుంది. ఆ తెరపి లేకపోతే కణం తన పొర మీది గ్రాహకాలను తగ్గించుకుంటుంది, లోపలి సంకేతాల గొలుసు కూడా మందగిస్తుంది.

వైద్యులు ఈ స్వభావాన్ని రెండు విధాలా వాడుకుంటున్నారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో, పిల్లలకు మరీ చిన్న వయసులోనే యుక్తవయసు లక్షణాలు మొదలైనప్పుడు, జిఎన్ఆర్‌హెచ్‌ను పోలి ఎక్కువసేపు నిలిచే ల్యూప్రోలైడ్ వంటి మందులిస్తారు. మొదటి రోజుల్లో హార్మోన్లు ఒక్కసారిగా పెరిగినా, కొన్ని వారాల్లో అణగిపోతాయి. పుట్టుకతోనే జిఎన్ఆర్‌హెచ్ లోపించి సంతానం కలగని వారికి మాత్రం ఒంటికి అమర్చిన చిన్న పంపు ద్వారా, సుమారు గంటన్నరకోసారి, అసలు జిఎన్ఆర్‌హెచ్‌నే కొద్ది కొద్దిగా అందిస్తారు.