టోపీ లేని ఆర్‌ఎన్‌ఏ

పోలియో వైరస్ సోకిన కణంలో ఒక వింత జరుగుతుందని 1960లలోనే గమనించారు. కొద్ది గంటల్లోనే కణం సొంత ప్రోటీన్ల తయారీ దాదాపు ఆగిపోతుంది. వైరస్ ప్రోటీన్లు మాత్రం జోరుగా తయారవుతూనే ఉంటాయి. ప్రోటీన్లను తయారు చేసే యంత్రాలైన రైబోజోములు అవే, ముడిసరుకూ అదే. మరి ఈ పక్షపాతం ఎక్కడిది?

1975 ప్రాంతంలో ఒక ఆధారం దొరికింది. ప్రోటీను తయారీ సూచనలు మోసే మన కణాల్లోని సందేశ ఆర్‌ఎన్‌ఏలకు ముందు కొసన చిన్న రసాయనిక టోపీ ఉంటుంది. రైబోజోమ్ దాన్ని గుర్తుపట్టాకే పని మొదలుపెడుతుంది. మరుసటి ఏడాదే, పోలియో సందేశానికి ఆ టోపీ లేదని తేలింది. 1982లో రెండో ముక్క చేతికొచ్చింది. టోపీకీ రైబోజోముకూ నడుమ వంతెనలా నిలిచే పెద్ద ప్రోటీను, వైరస్ సోకిన కణాల్లో రెండుగా తెగిపోతోంది. దాని పేరు ఇఐఎఫ్4జీ. ఫోను సిగ్నలుతో సంబంధం లేదు. కోస్తున్నది కత్తెరలా పనిచేసే 2ఎ అనే వైరస్ ప్రోటీనేనని తర్వాత తెలిసింది. తెగిన ముక్కల్లో రైబోజోమును పట్టుకునే ముక్కను వైరస్ తన పనికే వాడుకుంటుంది. దొంగతనమంటే ఇదీ!

టోపీ లేకుండా రైబోజోమ్ లోపలికి ఎలా వస్తోంది? 1988లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పెలెటియర్, సోనెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు దీన్ని తేల్చారు. వైరస్ ఆర్‌ఎన్‌ఏ మొదట్లో, ఏ ప్రోటీనుకూ సూచన లేని 740 అక్షరాల భాగం మడతలు పడి రైబోజోముకు పక్కదారి తెరుస్తోంది. అదే ఏడాది వైరస్ శాస్త్రవేత్త విమర్ బృందం పోలియోకు బంధువైన మరో వైరస్‌లోనూ అలాంటి దారినే చూపింది.

అసలు చమత్కారం దీనికి మూడేళ్ల ముందే జరిగింది. పోలియో వైరస్‌లు మూడు రకాలు; వాటిని బలహీనపరిచి, చంపకుండా ఇచ్చేదే సేబిన్ చుక్కల మందు. అందులోని మూడో రకం వైరస్, టీకా వేసుకున్న పిల్లల పేగుల్లో 472వ అక్షరాన్ని మార్చుకుని మళ్లీ నాడులకు ప్రమాదకరంగా మారగలదని 1985లో కనుగొన్నారు. ప్రోటీనుకు సంబంధం లేని చోట ఒక్క అక్షరం మారితే ఏమవుతుందిలే అనుకునే రోజులవి. ఆ అక్షరం ఉన్నది సరిగ్గా ఈ పక్కదారిలోనే. టీకా వైరస్‌లో దారి ఇరుకు, అందుకే అది బలహీనం. అక్షరం మారితే విశాలం.

రెండో రకంలో కీలకమైన అక్షరం 481వది. టీకా వైరస్ తిరగబడి పుట్టిన పోలియో వ్యాప్తుల్లో ఎక్కువ భాగం ఈ రకానివే. అందుకే కొత్త చుక్కల మందులో ఆ మడతలనే తిరిగి రాశారు. ఇందులో ఒక్క అక్షరం మారినంత మాత్రాన దారి మునుపటిలా తెరుచుకోదు. ఎన్‌ఓపీవీ2 అనే ఆ మందుకు 2020 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వినియోగ అనుమతి ఇచ్చింది. ఇప్పుడు దాన్ని హైదరాబాద్ సంస్థ బయోలాజికల్ ఇ కూడా తయారు చేస్తోంది.